బిళ్ల వెనక బొటనవేలు

ఈమధ్య కాలేజీలో పింగాణీ పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు కొందరు మారేడ్‌పల్లిలో మా ఇంటికి వచ్చారు. టీ తాగారు, జంతికలు బాగున్నాయన్నారు, తర్వాత ఒకమ్మాయి తీరిగ్గా అడిగింది: "మీ పని మీద ఎవరెవరి ప్రభావం ఉందమ్మమ్మా?" ఆ మాట వింటే నాకు ఎప్పుడూ చిరాకే. ప్రభావమేమన్నా పడిశమా, ఎవరి దగ్గర అంటుకుందో చెప్పడానికి? ఏదో ఒకటి చెప్పి పంపేశాను. వాళ్లు వెళ్లాక మనసొప్పలేదు. పిల్ల అడిగిన దాంట్లో తప్పేం లేదు, నేనే జవాబు ఎగ్గొట్టాను. అందుకని ఇది రాస్తున్నాను.

ఉద్యోగంలో నేనెక్కిన మెట్లు, కప్పించుకున్న శాలువాలు ఇందులో ఉండవు. శాలువాలు చలికాలం పనికొస్తున్నాయి, ఆ సంగతి అక్కడితో సరి. నేను చెప్పేది బోయిగూడలో ఒక కార్ఖానా గురించి, అక్కడ నాకు పని నేర్పిన ఇద్దరు పరదేశుల గురించి. పోలీసు చర్య రోజుల్లో వాళ్లలో ఒకాయన్ని రైలెక్కించి దేశం దాటించబోయారు. మేం అప్పుడేం చేశామో తెలిస్తే, ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు కూడా అందులోనే దొరుకుతుంది.

మంటకు హిస్సా

కార్ఖానా హానా మేడమ్‌ది. ఆమెది వియన్నా. హిట్లర్ మనుషుల నుంచి తప్పించుకుని భర్తతో ఈ దేశం వచ్చింది. ఆయన జ్వరంతో పోయాడు. యుద్ధం మొదలయ్యాక, శత్రుదేశపు మనిషివంటూ తెల్లదొరలు ఆమెను కొన్నాళ్లు శిబిరంలో పెట్టారు. హిట్లర్‌కి భయపడి పారిపోయి వచ్చినదాన్ని హిట్లర్ మనిషివని బంధించారన్నమాట. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె నవ్వేది, కానీ చేతిలో మట్టిని మాత్రం పిసికి పిప్పి చేసేది. బయటికొచ్చాక బోయిగూడలో పాత గోదాము ఒకటి అద్దెకు తీసుకుని జాడీలు చేయడం మొదలుపెట్టింది.

బట్టీ, పూతలు ఆగా సాహెబ్ చేతిలో ఉండేవి. ఆయన పడుచు వయసులోనే ఇరాన్ నుంచి వచ్చాడు. గోడలకు వేసే రంగు టైళ్లు, అంటే మేం బిళ్లలనేవి, చేయడం ఆయన అసలు పని. పెళ్లాం పిల్లలు లేరు. కార్ఖానా వెనక గదిలోనే కాపురం. తెలుగు, ఉర్దూ కలిపి తనదైన భాష ఒకటి మాట్లాడేవాడు.

ఇక నేను. మా నాన్న సికింద్రాబాదులో ఒక చర్చికి పాస్టరు. నర్సాపురం వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం మాది. ఆ చర్చిలో పాస్టరు నిలబడే చోటికి వెనక గోడంతా నీలం, ఆకుపచ్చ కలిసిన నీలం, అంటే ఫిరోజా రంగుల బిళ్లలుండేవి. నేను పుట్టకముందు, చర్చి కట్టేటప్పుడు ఆగా సాహెబ్ చేసినవవి. నాన్న ప్రసంగం ఎంత సాగితే నేను ఆ బిళ్లల మీద గీసిన చెట్లను అంతసేపు చూసేదాన్ని. ప్రసంగాలన్నీ మర్చిపోయాను, చెట్లు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. నేను బొమ్మలు బాగా వేస్తానని నాన్నే నన్ను మేడమ్ దగ్గర పనికి పెట్టాడు.

చేరిన కొత్తలో ఒక జాడీకి మూత చేయమన్నారు. కాలిన జాడీ మూతిని దారంతో కొలిచి, పచ్చిమట్టితో సరిగ్గా అంతే మూత చేశాను. బట్టీలోంచి వచ్చాక పెడితే మూత బుడుంగున జాడీ లోపల పడింది. మేడమ్ కళ్లలో నీళ్లొచ్చేంత నవ్వింది. ఆగా సాహెబ్ నవ్వలేదు.

"బేటీ, మంటకు హిస్సా ఇయ్యలే నువ్వు," అన్నాడు. "అది అడగది. తీస్కుంటది."

మట్టి ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది, అదే మంట తీసుకునే వాటా. ఈ పనిలోకి వచ్చే ప్రతి పిల్లా ఆ మూత నాలాగే ఒకసారి చేస్తుంది, చెయ్యాలి కూడా. పుస్తకంలో చదివితే ఇది తలకెక్కదు.

ఖాళీ ఎందుకు, అద్దెకిస్తవా

వాళ్లిద్దరికీ రోజూ పేచీయే. మేడమ్‌కి గోధుమరంగు పూత, బోసి జాడీ ఇష్టం. ఆగా సాహెబ్‌కి గోరంత జాగా ఖాళీగా కనబడితే నిద్రపట్టదు. "కాస్త ఖాళీ వదిలితే ఏం పోయింది?" అని ఆమె ఉర్దూలో అరిచేది. "ఖాళీ ఎందుకు, అద్దెకిస్తవా?" అని ఆయన తలెత్తకుండా గీస్తూనే ఉండేవాడు.

మేడమ్ జాడీ ఆకారం వాళ్ల అమ్మమ్మ వంటింటిది. వాళ్ల ఊళ్లో అందులో క్యాబేజీ ఊరవేసేవారట. ఇక్కడ మారేడ్‌పల్లి ఇల్లాళ్లు ఆవకాయకని ఎగబడి కొనుక్కుపోయారు. వాళ్ల కోసం మూతి కొంచెం వెడల్పు చేసింది, తెడ్డు పట్టాలి కదా. ఆగా సాహెబ్ గీసే, సన్నగా కోసుగా పైకి లేచే చెట్లు ఆయన పుట్టిన ఊరి మసీదు గోడల మీదివి. వాటి మధ్యన అక్కడ దానిమ్మ పండ్లు వేస్తారట, చర్చి గోడ మీద మాత్రం సీతాఫలాలు వేశాడు. ఎందుకని అడిగాను.

"ఇక్కడ దానిమ్మ గంత మంచిగుండది. సీతాఫలం మస్తుంటది," అన్నాడు. ఇంతకు మించిన సిద్ధాంతం ఆయన దగ్గర లేదు.

ఒకసారి నన్ను అంచు గీయమంటే, మా అమ్మ అల్లే లేసు గుర్తొచ్చి ఆ పువ్వులే గీశాను. ఆయన చాలాసేపు చూసి, "ఇది ఏ ముల్కుది?" అని అడిగాడు, ఏ దేశానిదని. మా అమ్మదన్నాను. మా అమ్మకు ఎవరు నేర్పారంటే మిషను దొరసాని. ఆ దొరసానికి ఎవరు నేర్పారో దేవుడికి తెలియాలి. అంచు బాగుందని మాత్రం ఆయన అనలేదు, కానీ అప్పటి నుంచి అంచులన్నీ నా చేతికే ఇచ్చాడు.

ఇంకొక అలవాటు చెప్పాలి, తర్వాతి కథంతా దాని మీదే నడిచింది. బిళ్ల పచ్చిగా ఉండగానే ఆగా సాహెబ్ దాన్ని తిరగేసి వెనకవైపు బొటనవేలు గట్టిగా నొక్కేవాడు. ఆ గుంటలో సున్నం గచ్చు కూర్చుంటే బిళ్ల గోడను పట్టుకుని వదలదు. చిన్నప్పుడు కత్తి జారి ఆయన వేలికి ఐమూలగా ఒక గాటు పడింది. ఆ గాటు కూడా గుంటలో పడేది. గోడకు వేశాక అది ఎవరికీ కనబడదనుకోండి.

ముద్ర పడ్డ బట్టీ

నిజాం రాజ్యం పోయే ముందు నెలల్లో రజాకార్లంటే మా వీధికి భయం. సైన్యం వచ్చాక భయం ఇల్లు మారింది. మొన్నటిదాకా మేం తలుపులు బిగించుకుంటే ఇప్పుడు ఆగా సాహెబ్ లాంటివాళ్లు బిగించుకున్నారు. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లను ఏరి, శిబిరాల్లో ఉంచి, బొంబాయి రైలెక్కించి పంపేస్తున్నారని చెప్పుకున్నారు.

మా దగ్గరికీ వచ్చారు. మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు, నెల్లూరు మనిషి, వెంట కానిస్టేబుళ్లు. అప్పుడే ఒక ఆసుపత్రి గోడ కోసం బిళ్లలు కాల్చి బట్టీ ఆర్పాం. యుద్ధం మొదలైనప్పటి నుంచి బిళ్లలు అడిగినవాళ్లే లేరు, జాడీలతోనే బతికాం. ఇన్నాళ్లకు వచ్చిన మొదటి పని అది. బట్టీ వాకిలి ఇటుకలతో మూసి మట్టి మెత్తి ఉంది, లోపల ఇంకా నిప్పులాంటి వేడి.

గడ్డం మనిషి, పరదేశి, పక్కన ఇటుకలతో మూసేసిన గది. వాళ్లకు అనుమానం రాక ఏమవుతుంది? ఆయుధాలు దాచారేమోనని ఒక కానిస్టేబులు గునపం ఎత్తాడు. ఆగా సాహెబ్ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"నన్ను తీస్కపోండ్రి సాబ్. బట్టీని ముట్టకుండ్రి. గాలి తగిల్తె అంతా పల్గుతది."

ఇన్‌స్పెక్టరు చెయ్యి పెట్టి చూసి చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. ఇంత వేడిలో తుపాకులు ఎవరూ దాచరని ఆయనకూ తోచినట్టుంది. అయినా వదల్లేదు. వాకిలికి అడ్డంగా గుడ్డపట్టీ కట్టి, వేడి తగలని కొసల మీద లక్కతో సర్కారు ముద్ర వేసి, కానిస్టేబుల్ని కాపలా పెట్టాడు. ఆగా సాహెబ్‌ను శిబిరానికి తీసుకెళ్లాడు.

మేడమ్ మెట్టు మీద కూర్చుని చేతులు గౌనుకు తుడుచుకుంటూనే ఉంది. అలాగే తుడుచుకుంటూ అంది: "శిబిరం అంటే ఏంటో నాకు తెలుసు రూత్. అక్కడ మనిషిని ఎవరూ కొట్టకపోయినా, నువ్వు ఎవరివని రోజూ అడుగుతారు. కొన్నాళ్లకు మనకే అనుమానమొస్తుంది."

చింతపండు నీళ్లు

నాన్న, నేను ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన దుర్మార్గుడేం కాదు. విని, కుర్చీలు వేయించాడు.

"అయ్యగారూ, మీ మాట నేను కాదనను. ఈ గొడవల్లోకి కొత్తగా వచ్చినవాళ్లను పంపేయమన్నారు. ఎప్పట్నుంచో ఉంటున్నవాళ్లను ఉండనీయమన్నారు. ఈయన ఎప్పట్నుంచో ఉన్నాడని పైవాళ్లకు చూపించేందుకు ఏదో ఒకటి కావాలి గదా. ఒక్క కాగితం లేదు. మీ అమ్మాయి అక్కడే పని చేస్తోంది, మీ సాక్ష్యం ఏం చెల్లుద్ది చెప్పండి."

"మా చర్చి గోడ ఆయన చేసిందేనండి. కట్టిన సంవత్సరం పునాదిరాయి మీదుంది," అన్నాడు నాన్న.

"గోడ మీద ఆయన పేరుందా?"

పేరు లేదు. ఆగా సాహెబ్ ఎక్కడా పేరు వేయడు. దారిలో నాన్న తల దించుకుని నడుస్తున్నాడు. నేను మాత్రం నడి బజార్లో ఆగిపోయాను. పేరు లేకపోతేనేం, ప్రతి బిళ్ల వెనకా వేలుంది.

చర్చి గోడ పగలగొట్టనివ్వమని పాస్టరును అడగడం చిన్న విషయం కాదు, ఆ పాస్టరు కన్నతండ్రయినా. నాన్న గోడవంక చూశాడు, నా వంక చూశాడు.

"పెద్దలకు నేను చెప్పుకుంటాలే. కింది మూలది తీయ్, ప్రసంగంలో ఎవరికీ కనబడదు," అన్నాడు.

"నాకు కనబడుతుంది నాన్నా," అన్నాను.

"నువ్వు ప్రసంగం ఎప్పుడు విన్నావు గనక," అన్నాడు.

ఇన్‌స్పెక్టరును పిలిపించి, ఆయనా మేడమ్ చూస్తుండగానే సన్నని ఉలితో చుట్టూ గచ్చు తొలిచి బిళ్ల ఊడదీశాను. వెనక గుంట నిండా సున్నం గట్టిపడి ఉంది. గీకితే ముద్ర పోతుంది. ఏం చేయాలో తోచకపోతే, పక్కనే ఉన్న మా అమ్మ ఇంట్లోకెళ్లి చింతపండు పిసికిన నీళ్లు తెచ్చింది. "రాగిచెంబు మీది సున్నపు మచ్చ దేంతో పోతుందే?" అంది. నానబెడితే సున్నం నురుగులు కక్కుతూ కరిగింది. అడుగున గుంట, గుంటలో ఐమూలగా గాటు. 

ఇన్‌స్పెక్టరు శిబిరం నుంచి ఆగా సాహెబ్ వేలిముద్ర సిరాతో తీయించి తెచ్చాడు. పక్కపక్కన పెట్టి చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"గాటుందమ్మా, కాదనను. కానీ చూడు, ఇది ఎంత చిన్నదో. ఇది మగవాడి వేలు కాదు. ఎవరో ఆడమనిషిదో, పిల్లవాడిదో."

నిజమే, చిన్నగానే ఉంది. నాన్న నిట్టూర్చాడు. వెనక నిలబడ్డ మేడమ్ మాత్రం పకపకా నవ్వింది. నా మూత జాడీలో పడ్డ రోజు నవ్వినట్టే నవ్వింది.

"మంటకు హిస్సా," అంది ఆగా సాహెబ్ గొంతు పెట్టి.

ఇన్‌స్పెక్టరుకు నేను విప్పి చెప్పాను. మట్టి ఎంత కుంచించుకుంటే దాని మీది ముద్రా అంతే కుంచించుకుంటుందని. ఆయన గడ్డం గోక్కున్నాడు. "మీ వృత్తిలో మీరు ఏం చెప్పినా మేం తలూపాల్సిందేనా? కళ్లకు చూపించండి," అన్నాడు.

చూపించడానికి బట్టీలో ఉన్నాయి. ఆగా సాహెబ్ పట్టుబడక ముందు వేలు నొక్కిన బిళ్లలు, ఇన్‌స్పెక్టరు సొంత లక్కముద్ర వెనక భద్రంగా ఉన్నాయి. మేం ఏదో మాయ చేశామని ఎవరూ అనడానికి లేదు. ఆయన అనుమానంతో వేసిన ముద్రే మాకు కలిసొచ్చింది.

"అయితే ఇప్పుడే తెరవండి," అన్నాడు. "ఎల్లుండి పొద్దున రైలు."

చెయ్యి ఆగేదాకా

తెరవడానికి లేదు. బట్టీ ఇంకా కాలుతోంది. చల్లగాలి తగిలితే బిళ్లలు ముక్కలవుతాయి, ముద్రలూ వాటితోపాటే. ఆగితే రైలు వెళ్లిపోతుంది. మేడమ్ బట్టీ చుట్టూ తిరుగుతూ, "ఒక్క ఇటుక తీద్దాం, ఒక్కటి," అంటోంది. బట్టీ తెరవడంలో ఎన్నడూ తొందరపడని మనిషి ఆమె. నాకూ అలాగే అనిపిస్తోంది. ఒకటో రెండో బతికి బయటపడవా? ఇద్దరం తేల్చుకోలేక, ఇన్‌స్పెక్టరు అనుమతితో నేను శిబిరానికి వెళ్లాను.

ఆగా సాహెబ్ కంచె అవతల నేల మీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను. చర్చి బిళ్ల ఊడదీశానంటే ముందు కోప్పడ్డాడు.

"పల్గిందా?"

"లేదు సాబ్."

"సున్నం పట్టు ఎట్లుండె?"

"ఊడదీసేటప్పటికి ప్రాణం పోయింది."

అప్పుడు సంతోషించాడు. బట్టీ సంగతి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"చెయ్యి పెట్టి సూడు బేటీ. చెయ్యి ఆగితే తియ్యి. ఆగకుంటే నేను రైలెక్కినా సరే, తియ్యకు."

"రైలెక్కితే ఎట్లా సాబ్? అక్కడ మీకు ఎవరున్నారు?"

"ఎవ్వరు లేరు," అన్నాడు. "నేను గీసే చెట్లు సుత అక్కడివి కావిప్పుడు. ఆ ఊరోళ్లు సూస్తె, ఏందీ ఈ పండు అంటరు." నవ్వబోయి ఆగిపోయాడు.  నేను తిరిగి వచ్చాను.

మర్నాడంతా మేడమ్, నేను వంతులవారీగా బట్టీ గోడకు అరచెయ్యి ఆన్చి చూశాం. చెయ్యి నిలవలేదు. కాపలా కానిస్టేబులు కూడా ఉండబట్టలేక మధ్య మధ్య తన చెయ్యి ఆన్చి, "ఇంకా కాలుతాంది," అని ఊరికే నివేదిక ఇస్తున్నాడు. పిల్లలూ, ఈ వృత్తిలో అసలు పని ఇదే. గీయడం, పూత పూయడం ఎవరికైనా వస్తాయి. ఏమీ చేయకుండా కూర్చోవడం నేర్చుకోవడానికే జీవితం సరిపోతుంది.

రైలు రోజు తెల్లవారింది. మేడమ్ గోడ మీద చెయ్యి పెట్టింది. తియ్యలేదు. నన్ను పిలిచింది. నేనూ పెట్టాను. గోరువెచ్చగా, పసిబిడ్డ వీపులా ఉంది. చెయ్యి ఆగింది.

కానిస్టేబులు పరుగెత్తాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి తన లక్కముద్ర తానే పగలగొట్టాడు. ఇటుకలు ఒక్కొక్కటే తీశాం. లోపల అరల నిండా ఫిరోజా రంగు, వాన వెలిసిన ఆకాశంలాగా. ఆయన ఒక్క క్షణం పోలీసుననే సంగతి మర్చిపోయి, "అబ్బ," అన్నాడు. తర్వాత తనే చెయ్యి పెట్టి ఒక బిళ్ల తీసి తిరగేశాడు. చర్చి బిళ్ల పక్కన పెట్టాడు. అదే గుంట, అదే గాటు, అంతే చిన్నది. ఇంకొకటి తీశాడు, అదీ అంతే. సిరా ముద్ర ఒక్కటే పెద్దది.

"ఏమ్మా, మనుషులు కూడా ఇట్టా చిక్కిపోతారేమో బట్టీలో పెడితే," అన్నాడు. చర్చి బిళ్లనూ, కొత్త బిళ్ల ఒకదాన్నీ రుమాల్లో చుట్టుకుని జీపెక్కాడు.

దూరంగా స్టేషన్లో రైలు కూత వినబడింది. మేడమ్ నా చెయ్యి పట్టుకుంది.  ఎండ పైకెక్కాక సందు మొదట్లో ఆగా సాహెబ్ కనబడ్డాడు, చెప్పులు చేత్తో పట్టుకుని నడుచుకుంటూ.  మేడమ్ మెట్టు మీద కూలబడి బోరున ఏడ్చింది. ఆయన మా ఇద్దరినీ దాటుకుని నేరుగా బట్టీలో తల దూర్చాడు.

"మంచిగనే ఆగిండ్రు," అన్నాడు లోపలి నుంచి.  తల బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది.

ఆ రోజు ముగ్గురం కలిసి అన్నం తిన్నాం. మేడమ్ పెద్ద జాడీలోంచి ఆవకాయ వడ్డించింది. ఆగా సాహెబ్ జాడీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఖాళీ మంచిగనే ఉన్నది," అన్నాడు. ఆ ఒక్కరోజే అన్నాడు. మర్నాటి నుంచి పేచీ మళ్లీ షురూ.

గోడలో ఆ మూల

చర్చి బిళ్ల ఇన్‌స్పెక్టరు తన ఫైలుతో పాటే ఉంచేసుకున్నాడు. గోడలో కింది మూల బోసిగా ఉండిపోయింది. అక్కడికి కొత్త బిళ్ల నన్నే చేయమన్నాడు ఆగా సాహెబ్. ఈసారి మంటకు హిస్సా వదిలి కొంచెం పెద్దగానే కోశాను. చెట్టు ఆయనది గీశాను, అంచుకు మా అమ్మ లేసు పువ్వు వేశాను, మేడమ్ మాట కూడా కొంత విని ఒక పక్కన ఖాళీ వదిలాను. తిరగేసి, వేలు నొక్కమని ఆయన ముందు పెట్టాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నా వేలెందుకు? గీసింది ఎవరు?"

నేనే నొక్కాను. కాలి వచ్చాక బిళ్ల గోడలో సరిగ్గా కూర్చుంది. ఆగా సాహెబ్ తర్వాత చాలా ఏళ్లు అదే గదిలో ఉన్నాడు, ఈ ఊరి మట్టిలోనే కలిసిపోయాడు. మేడమ్ కూడా అంతే.

టీ తాగి వెళ్లిన అమ్మాయీ, ఏదైనా ఆదివారం చర్చికి రా. కింది మూల బిళ్ల చూపిస్తాను. దాని మీద చెట్టు ఇరాన్ నుంచి వచ్చింది, పువ్వు ఏ దేశాలు తిరిగి నర్సాపురం చేరిందో నాకూ తెలియదు, ఖాళీ వియన్నాది. వెనక ఉన్న వేలు మాత్రం నాది. కాకపోతే నా వేలికన్నా కొంచెం చిన్నగా ఉంటుంది.